బొచ్చు రాలే కుక్క ఉన్న ఇంటికి తక్కువ ధరలో వాక్యూమ్ క్లీనర్: ఎలా చూసి కొనాలి, ఎలా వాడాలి

హైదరాబాద్ సైనిక్‌పురిలో సాయంత్రం కుక్కని తిప్పుతుంటే ఎదురయ్యే వాళ్ళంతా అడిగేది ఒకటే: "ఎన్ని వాట్స్‌ది కొనాలండీ?" మొదటిసారి నేనూ అదే లెక్క చూసుకున్నాను. 1600 వాట్లది తెచ్చాను. హోరు మాత్రం మిక్సీని మించిపోయింది. మా లాబ్రడార్ బొచ్చుని లోపలికి లాగకుండా నేల మీద ముందుకు తోసుకుంటూ పోయేది. చీపురు చేసే పనినే కరెంటు కాల్చి చేసిందన్నమాట. ఏడాది తిరక్కుండానే అటకెక్కింది.

మన ఇళ్ళలో గోడ నుంచి గోడ దాకా కార్పెట్లు ఉండవు. విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, మార్బుల్, పాత ఇళ్ళలో తాండూరు బండలు. ఇలాంటి నేల మీద మోటారు బలం కన్నా నేలకి ఆనే బ్రష్, పైపు వెడల్పు, చెత్త పడే డబ్బా ఎక్కువ పని చేస్తాయి. 4 వేల నుంచి 12 వేల రూపాయల లోపు కొనేవాళ్ళ కోసం రాస్తున్నాను.

1. షాపుకి వెళ్ళే ముందు ఒక వారం

ఓ వారం పాటు ఊడ్చిన బొచ్చుని పారేయకండి. ఒక జిప్ కవర్లో దాచండి. ఇంట్లోవాళ్ళు అదోలా చూస్తారు, చూడనివ్వండి. వారానికి ఎంత రాలుతోందో ఆ కవరే చెబుతుంది. రేపు షాపులో యంత్రాన్ని పరీక్షించడానికి సరుకూ అదే.

ఇక బొచ్చు రకం చూడండి.

లాబ్రడార్, బీగిల్, పగ్‌ల బొచ్చు పొట్టిగా, బిరుసుగా ఉంటుంది. సూదుల్లా సోఫా గుడ్డలోకి గుచ్చుకుంటుంది. బ్రష్ సరైనదైతే నేల మీద ఇవి పెద్ద సమస్య కాదు, సోఫా మీదే అసలు గొడవ.

గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, పొమెరేనియన్, హస్కీలకి పైన పొడుగు బొచ్చు, కింద దూది లాంటి మెత్తటి పొర ఉంటుంది. ఆ దూది ఫ్యాను గాలికి ఉండలు కట్టి మంచం కిందకి దొర్లిపోతుంది. పొడుగు వెంట్రుకలు తిరిగే బ్రష్‌కి దారంలా చుట్టుకుంటాయి.

మన ఊరకుక్కలకి మామూలు రోజుల్లో తక్కువే రాలుతుంది. ఎండలు ముదిరే ముందు మాత్రం ఒక్కసారిగా దులిపేస్తాయి. షీట్జూ, పూడిల్ ఉన్నవాళ్ళకి ఈ గైడ్ అంతగా అక్కర్లేదు. వాటి బొచ్చు పెద్దగా రాలదు, ఏదైనా మామూలు మెషీన్ సరిపోతుంది.

కాగితం మీద రాసుకోవాల్సినవి:

- ఏ గదిలో ఏ నేల ఉంది, మార్బుల్ ఉందా (దానికి గీతలు తొందరగా పడతాయి)
- గుడ్డ సోఫాలు, పరుపులు, డోర్‌మ్యాట్లు, కారు సీట్లు ఎన్ని
- మెట్లు ఉన్నాయా
- మంచం కింద ఎంత ఎత్తు ఖాళీ ఉంది
- మెషీన్ నడిపేది ఎవరు

ఆఖరి ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. పనామె నడిపేట్టయితే ఆమె ఎత్తుకి పైపు సరిపోవాలి, బరువు ఆమె మోయగలగాలి. ఆమెకి చిరాకు తెప్పించే మెషీన్ ఎంత గొప్పదైనా మూలన పడుతుంది, చీపురే మళ్ళీ చేతికొస్తుంది. వీలైతే ఆమెనీ ఒక మాట అడగండి.

2. ప్లగ్ పాయింట్లు చూసుకోండి

గోడకి ఉండే చిన్న ప్లగ్ 6 యాంప్స్‌ది. మన కరెంటు 230 వోల్టులు. రెండూ గుణిస్తే 1380 వాట్లు, అదే దాని హద్దు. అంతకు మించిన మెషీన్‌కి ఫ్రిజ్‌కో గీజర్‌కో వాడే 16 యాంప్స్ పెద్ద ప్లగ్ కావాలి.

మన ఫ్లాట్లలో పెద్ద ప్లగ్ వంటింట్లోనో బాత్రూమ్ పక్కనో ఉంటుంది, బొచ్చేమో హాల్లో ఉంటుంది. టేపు పట్టుకుని కొలవండి. చాలా మెషీన్ల వైరు 4, 5 మీటర్లు, పైపు మరో మీటరున్నర. అంతలో హాలు చివరి మూల అందకపోతే 1200 వాట్ల లోపుదే తీసుకుని చిన్న ప్లగ్ మీద నడుపుకోండి. టీవీకి వాడే సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద 1400 వాట్లది నడిపితే వైరు వేడెక్కుతుంది. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే 16 యాంప్స్‌ది కొని, వైరు మొత్తం విప్పి వాడండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద వేయొద్దు. ఇళ్ళలో ఉండే మామూలు ఇన్వర్టర్ ఆ లోడు మోయలేదు.

3. ఏ రకం?

ధరలు సుమారుగా చెబుతున్నాను, పండగ ఆఫర్లలో కిందా మీదా అవుతాయి.

*వెట్ అండ్ డ్రై డ్రమ్ము రకం, 5 నుంచి 9 వేలు.* ఇండిపెండెంట్ ఇల్లు, పెద్ద కుక్క ఉన్నవాళ్ళకి నా ఓటు దీనికే. డ్రమ్ము 10 లీటర్లు, ఆ పైన ఉంటుంది కాబట్టి లాబ్రడార్ వారం బొచ్చు పట్టినా నిండదు. పైపు కూడా సాధారణంగా వెడల్పు. నీళ్ళ గిన్నె తన్నేసినా, వానాకాలం బాల్కనీలో నీళ్ళు నిలిచినా లాగేస్తుంది. నీళ్ళు లాగే ముందు పేపర్ బ్యాగ్, పొడి ఫిల్టర్ తీసేయాలి, ఎలాగో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. దీంట్లో ఉన్న తంటా రెండు: చోటు తింటుంది, మోత ఎక్కువ.

*క్యానిస్టర్ రకం, 4 నుంచి 9 వేలు.* చక్రాల మీద వెనకాలే వచ్చే చిన్న పెట్టె. రెండు, మూడు బెడ్‌రూమ్ ఫ్లాట్లకి బాగుంటుంది. డబ్బా ఒకటిన్నర, రెండు లీటర్లు ఉంటుంది. పెద్ద కుక్క ఉంటే వాడిన ప్రతిసారీ ఖాళీ చేయాలి.

*కార్డ్‌లెస్ స్టిక్, 7 వేల నుంచి.* వైరు లేకుండా బ్యాటరీ మీద నడిచే కర్ర లాంటి మెషీన్. చేతికి హాయి, అందుకే అందరి కళ్ళూ దీని మీదే. కానీ ఈ ధరలో డబ్బా అర లీటరే ఉంటుంది, హాలు అయ్యేసరికి గొంతు దాకా నిండుతుంది. బాక్స్ మీద 40 నిమిషాలు అని ఉంటే అది తక్కువ స్పీడ్ లెక్క. బొచ్చు లాగే ఫుల్ స్పీడ్‌లో చాలావరకు పావుగంటకి మించదు. లిథియం బ్యాటరీకి వేడి పడదు, మన మే నెల సంగతి తెలిసిందే. ఇంట్లో ఒక వైరున్న మెషీన్ ఉండి, రోజువారీ పైపై పనికి రెండోదిగా అయితే కొనుక్కోండి. డైసన్ లాంటివి ఈ బడ్జెట్‌కి అందవు, వాటి జోలికి పోవడం లేదు.

*రోబో.* తనంతట తనే ఇల్లంతా తిరిగి ఊడ్చే మెషీన్. ఈ బడ్జెట్ పై అంచున మొదలవుతుంది. రోజూ తిరుగుతుంది కాబట్టి బొచ్చు పేరుకోదు, అది నిజమే. ఇంట్లో తప్పులు చేసే కుక్కపిల్ల ఉంటే మాత్రం వద్దు. మీరు లేనప్పుడు దాని మీదుగా వెళ్ళి ఇల్లంతా పూసి పెడుతుంది. సోఫా ఎలాగూ ఎక్కలేదు.

కారులో సిగరెట్ లైటర్‌కి పెట్టే వెయ్యి రూపాయల చిన్న మెషీన్లు కుక్క బొచ్చుకి పనికిరావు. అంతే.

4. బాక్స్ మీది అంకెలు చదవడం

వాట్లంటే మోటారు తినే కరెంటు. పీల్చే బలం కాదు. పీల్చే బలాన్ని కిలోపాస్కల్స్‌లో చెబుతారు. కొందరు పాస్కల్స్‌లో, కొందరు మిల్లీబార్లలో, కొందరు నీటి మట్టం మిల్లీమీటర్లలో రాస్తారు. అన్నిటినీ ఒకే కొలతకి తెచ్చుకుంటేనే పోలిక కుదురుతుంది:

- 1000 పాస్కల్స్ అంటే 1 కిలోపాస్కల్
- 10 మిల్లీబార్లు అంటే 1 కిలోపాస్కల్
- సుమారు 100 మిల్లీమీటర్ల నీటి మట్టం అంటే 1 కిలోపాస్కల్

రోబో బాక్స్ మీద "5000" అని పెద్ద అక్షరాలతో ఉంటే అది 5 కిలోపాస్కల్సే. పక్కనున్న వైరు మెషీన్ మీద "20" అని చిన్నగా ఉంటే దాని బలం నాలుగింతలు. అంకె పెద్దదని మోసపోకండి.

టైల్స్‌కి, సోఫాకి వైరు మెషీన్‌లో 16 నుంచి 20 కిలోపాస్కల్స్ ఉంటే చాలు. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి లాగుతుందో రాసి ఉంటే అదీ చూడండి. బొచ్చుని నేల మీంచి లేపి పైపులోంచి మోసుకెళ్ళేది ఆ గాలే. రెండు మెషీన్లు మిగతా అన్నిట్లో సమానమైతే గాలి ఎక్కువున్నది తీసుకోండి.

5. బ్రష్, పైపు: ఇక్కడ టైమ్ పెట్టండి

ఫ్లోర్ బ్రష్‌ని తిరగేసి చూడండి. కాలితో నొక్కితే కుచ్చు కిందకి, పైకి వెళ్ళే మీట ఉండాలి. టైల్స్ మీద కుచ్చు కిందకి దించి వాడాలి. దించినప్పుడు ముందువైపు కుచ్చులో అక్కడక్కడా సందులు ఉండాలి. కుచ్చు గోడలా చుట్టూ మూసేసి ఉంటే బొచ్చు లోపలికి రాలేదు, ముందుకే దొర్లుతుంది. నా 1600 వాట్ల మెషీన్ చేసిన నిర్వాకం సరిగ్గా ఇదే.

కింద ఉండే చిన్న చక్రాలకి రబ్బరు తొడుగుంటే మార్బుల్‌కి గీతలు పడవు.

"పెట్ హెయిర్" అని స్టిక్కర్ వేసి టర్బో బ్రష్ ఇస్తారు. లోపల రోలర్ గిర్రున తిరుగుతుంది. కార్పెట్ మీద, సోఫా మీద అది బంగారం. టైల్స్ మీద మాత్రం బిరుసు రోలర్ బొచ్చుని వెనక్కి, మీ కాళ్ళ మీదికి చిమ్ముతుంది. నేలకి రోలరే కావాలంటే మెత్తటి గుడ్డ రోలర్ ఉన్నది చూడండి.

సోఫాకి చిన్న టర్బో బ్రష్ విడిగా దొరుకుతుంది. కొనే ముందు మీ పైపు వెడల్పు కొలవండి. 32, 35 మిల్లీమీటర్లవి ఎక్కువగా కనిపిస్తాయి, ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. పొడుగు బొచ్చు కుక్కకైతే కుచ్చు రోలర్ కన్నా రబ్బరు రెక్కల రోలర్ నయం, తక్కువ చుట్టుకుంటుంది.

పైపు లోపలికి ఫోన్ టార్చ్ వేసి చూడండి. జాయింట్ల దగ్గర గరుకు అంచులు, ఇరుకు మలుపులు ఉంటే బొచ్చు మొదట అక్కడే పట్టుకుంటుంది. ఒక వెంట్రుక ఆగితే దాని వెనక వంద ఆగుతాయి.

6. డబ్బా, ఫిల్టర్

బ్యాగ్ ఉన్నదా, లేనిదా? బ్యాగ్ ఉంటే తీసి పారేసేటప్పుడు దుమ్ము లేవదు, కానీ బ్యాగ్‌లు కొంటూ ఉండాలి. బ్యాగ్ లేనిదాంట్లో ఆ ఖర్చు లేదు, కానీ డబ్బా మధ్యలో ఉండే జల్లెడకి బొచ్చు చుట్టుకుని చేత్తో పీకాల్సి వస్తుంది. డబ్బా మూతి వెడల్పుగా, చెయ్యి పట్టేలా ఉండాలి.

హెపా ఫిల్టర్, అంటే అతి సన్నటి దుమ్ముని కూడా ఆపేది, అందరికీ అక్కర్లేదు. ఇంట్లో ఆస్తమా, తుమ్ములు ఉన్నవాళ్ళుంటే తీసుకోండి. కుక్కల వల్ల వచ్చే అలర్జీకి అసలు కారణం బొచ్చు కాదు, కుక్క లాలాజలంలో, ఒంటి పొట్టులో ఉండే ప్రోటీన్లు. ఆ పొట్టు చాలా సన్నం, మామూలు స్పాంజి ఫిల్టర్ దాటి వెనకనుంచి గదిలోకే వస్తుంది. ఫిల్టర్ మీద "హెచ్13" లాంటి గ్రేడ్ రాసి ఉందేమో చూడండి. ఆ గ్రేడ్ అంటే పట్టుకోవడానికి అతి కష్టమైన సైజు కణాల్లో 99.95 శాతం ఆపాలి. "హెపా టైప్" అని మాత్రమే రాసి ఉంటే అది వేరే సరుకు.

7. షాపులో పరీక్ష

కోఠి, ఆబిడ్స్, అమీర్‌పేట, కూకట్‌పల్లి షోరూముల్లో డెమో అడగొచ్చు. డ్రమ్ము రకాలకి సికింద్రాబాద్ రాణీగంజ్ మెషినరీ షాపులు కూడా చూడండి, విడి పైపులు, బ్రష్‌లు అడగడానికీ ఆ వైపే అనువు. ఇప్పుడు ఆ జిప్ కవర్ తీయండి. సేల్స్ అబ్బాయి ముఖం చూసి సిగ్గుపడకండి. వాళ్ళు డెమోకి పోసే సన్న ఇసుకని ఏ మెషీన్ అయినా లాగేస్తుంది.

1. ఒక గుప్పెడు బొచ్చు టైల్ మీద పరచండి. ముందుకి ఒకసారి, వెనక్కి ఒకసారి తోయండి. సగానికి పైగా పోవాలి. తోసుకుపోతే అక్కడే వదిలేయండి.
2. గోడ మూలకి కొంచెం చల్లి లాగి చూడండి.
3. గుడ్డ కుర్చీ మీద అరచేత్తో బొచ్చుని అద్ది, చిన్న బ్రష్‌తో లాగండి. పొట్టి బొచ్చు కుక్కలవాళ్ళకి ఇదే అసలు పరీక్ష.
4. ఐదు నిమిషాలు ఆపకుండా నడపండి. కాలిన వాసన రాకూడదు. జాయింట్ల చుట్టూ చెయ్యి పెట్టి చూడండి, గాలి తప్పించుకోకూడదు.
5. డబ్బా మీరే విప్పి, ఖాళీ చేసి, మళ్ళీ బిగించండి. షాపులోనే కష్టమైతే ఇంట్లో నరకం.

ఆన్‌లైన్‌లో కొంటే "రిటర్న్" ఉందా, "రీప్లేస్‌మెంట్ మాత్రమే" ఉందా ముందే చదవండి. నచ్చకపోవడం చాలాచోట్ల లోపం కింద లెక్కకి రాదు. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసి, ఈ పరీక్షలన్నీ గడువు లోపలే ఇంట్లో చేసేయండి.

బిల్లు కట్టే ముందు అడగాల్సినవి:

- ఫిల్టర్, బ్యాగ్ విడిగా దొరుకుతాయా, ఇప్పుడే ఒక సెట్ ఇస్తారా
- సర్వీస్ ఇంటికొచ్చి చేస్తారా, మనమే మోసుకెళ్ళాలా
- వారంటీ మోటారుకేనా, పైపుకి, బ్యాటరీకి కూడానా

రెండేళ్ళ ఫిల్టర్లు, బ్యాగ్‌ల ఖర్చుని ధరలో కలిపి చూడండి. నాలుగు వేల మెషీన్ ఒక్కోసారి ఏడు వేలది అవుతుంది. ఫిల్టర్ దొరకని మోడల్ ఎంత చవకైనా వద్దు.

8. ఇంట్లో వాడే వరుస

1. కుక్కని ముందు బాల్కనీలోనో పెరట్లోనో దువ్వండి. పొట్టి బొచ్చుకి రబ్బరు బ్రష్, పొడుగు బొచ్చుకి కింది మెత్తటి పొరని లాగే అండర్‌కోట్ దువ్వెన. పది నిమిషాల దువ్వడం లోపల అరగంట పని తగ్గిస్తుంది.
2. ఫ్యాన్లు ఆపండి. ఉక్కపోసినా ఓర్చుకోండి. ఫ్యాను తిరుగుతుంటే మెత్తటి బొచ్చు బ్రష్ కన్నా ముందే పరిగెడుతుంది.
3. ముందు చీపురు వేయొద్దు. చీపురు బొచ్చుని లేపి సోఫా మీదికి పంపుతుంది.
4. పైనుంచి కిందకి రండి: సోఫా, పరుపు, డోర్‌మ్యాట్లు, ఆఖరున నేల.
5. సోఫాలో గుచ్చుకున్న పొట్టి బొచ్చుని గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజు కాస్త తడిపి ఒకే వైపుకి రుద్దండి. ఉండ కట్టి పైకొస్తుంది, అప్పుడు మెషీన్ పెట్టండి.
6. తడిగుడ్డ అన్నిటికన్నా చివర. తడి నేల మీద బొచ్చు అతుక్కుపోతే ఇక గోకాల్సిందే.

రాలే సీజన్‌లో రోజు మార్చి రోజు, మిగతా రోజుల్లో వారానికి రెండుసార్లు చాలు.

లాగకూడనివి: వాకిట్లో ముగ్గుపిండి, విభూతి, అగరుబత్తి బూడిద, ఫాల్స్ సీలింగ్ పనుల తెల్లపొడి. ఇవన్నీ ఫిల్టర్ రంధ్రాలు మూసేస్తాయి. వాసన పోవాలని సోఫా మీద వంటసోడా చల్లి లాగే చిట్కా కూడా ఇదే కోవలోకి వస్తుంది.

వేసవిలో, వానల్లో పిడుదులు ఉంటే డబ్బాలోనే వదలకండి. బతికున్నవి బయటికి పాకుతాయి. అదే రోజు కవర్లో వేసి గట్టిగా ముడేసి బయట పడేయండి. పిడుదులకి మందు మాత్రం పశువుల డాక్టర్ చెప్పినదే.

9. మొరాయిస్తే

*సక్షన్ తగ్గింది, మోటారు కీచుమని అరుస్తోంది.* ఎక్కడో మూసుకుపోయింది. డబ్బా, ఫిల్టర్, బ్రష్ మెడ, పైపు, ఈ వరుసలో చూడండి. పైపు మెషీన్ నుంచి విప్పి మూతి దగ్గర అరచెయ్యి పెట్టండి. అక్కడ బలంగా లాగితే అడ్డు పైపులో ఉన్నట్టు. గుండ్రటి చీపురు కర్రతో నెమ్మదిగా తోయండి. ఇనుప తీగ పెడితే పైపు చిరుగుతుంది. డ్రమ్ము రకంలో నీళ్ళు లాగుతుంటే ఇలా అరిస్తే డ్రమ్ము నిండిందని, ఖాళీ చేయండి.

*రోలర్ తిరగడం లేదు.* ప్లగ్ తీసేసి, చుట్టుకున్న బొచ్చుని రోలర్ పొడవునా కత్తెరతో గీత గీసినట్టు కత్తిరించి లాగండి. రెండు చివర్లా ఇరుసు దగ్గర కూడా చూడండి, అసలు బిగుసుకునేది అక్కడే.

*మెషీన్ ఆన్ చేస్తే కుక్క వాసన.* కడిగిన ఫిల్టర్ పూర్తిగా ఆరకుండా పెట్టేశారు. వాసనతో పోదు, తడి ఫిల్టర్ మోటారుకీ చేటు. ఎండాకాలం ఒక రోజు, వానాకాలం రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. అందుకే రెండో ఫిల్టర్ సెట్ ముందే కొనమన్నాను. పేపర్ ఫిల్టర్లని కడగొచ్చని రాసి లేకపోతే కడగకండి, దులిపితే చాలు.

*నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.* వేడెక్కి తనంతట తనే ఆగి ఉండొచ్చు. ప్లగ్ తీసి, ఫిల్టర్ శుభ్రం చేసి, గంట సేపు వదిలేయండి. మళ్ళీ ఆగితే సర్వీస్‌కి ఇవ్వండి, మీరే విప్పకండి. వారంటీ ఉండి కూడా పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

10. కుక్కకి పరిచయం

కొత్త మెషీన్‌ని మొదటి రోజే ఆన్ చేయకండి. రెండు రోజులు హాల్లో ఊరికే పెట్టండి, వాసన చూడనివ్వండి. దగ్గరికొస్తే చిన్న బిస్కెట్. మూడో రోజు పక్క గదిలో తలుపేసి ఒక నిమిషం నడపండి, ఇవతల ఇంకొకరు తినిపిస్తూ ఉండాలి. తర్వాత తలుపు తీసి, తర్వాత అదే గదిలో దూరంగా. వణుకుతుంటే, చెవులు వెనక్కి వాలిస్తే ఒక మెట్టు కిందకి దిగండి. పైపుతో దాని ఒంటి మీది బొచ్చు లాగే ప్రయత్నం, డ్రమ్ము రకంలో ఉండే బ్లోయర్‌తో స్నానమయ్యాక ఆరబెట్టే ప్రయత్నం రెండూ వద్దు.

మా లాబ్రడార్ వారంలో అలవాటు పడింది. మా ఇంట్లోనే ఉండే ఊరకుక్క మాత్రం రెండేళ్ళయినా ప్లగ్ పెట్టగానే మేడ మీదికి వెళ్ళిపోతుంది, వైరు చుట్టే చప్పుడు వినిపించాకే దిగుతుంది. దానికోసం మేడ మెట్లు ఎప్పుడూ ఆఖరున చేస్తాం.